అమ్మమ్మ చీర వాసన పోకుండా ఇలా దాచుకోండి

ఇంట్లో అమ్మమ్మదో నానమ్మదో కట్టి విడిచిన నేత చీర ఉంటే దయచేసి ఉతికేయకండి. మా అమ్మమ్మ పోయాక చీరలన్నీ ఉతికి బీరువాలో కలరా ఉండలేసి పెట్టేశారు, ఇప్పుడు వాటికి ఆ ఉండల వాసన తప్ప ఇంకేం లేదు. ఒక్కటి మాత్రం ట్రంకుపెట్టె అడుగున ఉతక్కుండా ఉండిపోయింది, మడత విప్పగానే సాంబ్రాణి, కొబ్బరినూనె, కాస్త వక్కపొడి... అంతే, వేసవి సెలవులకి బస్సు దిగి పెరట్లోకి పరిగెత్తిన పిల్లనైపోయా, కళ్ళనీళ్ళు ఆగలేదు.

బాగా ఆరిన చీరే పెట్టాలి, తేమ ఉంటే బూజు పట్టేస్తుంది. జిప్‌లాక్ కవర్లో గాలి తీసేసి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో, వేడి తగలని చోట పెట్టండి. మాటిమాటికీ తీయొద్దు, తీసినా రెండు మూడు సార్లు పీల్చి మూసేయండి, ముక్కు తొందరగా అలవాటు పడిపోయి ఇంక తెలీదు. మిగతా ఇంద్రియాల కబురు మెదడులో థాలమస్ అనే భాగం మీదుగా వెళ్తే వాసన మాత్రం భావోద్వేగాలు చూసే అమిగ్డాలాకి నేరుగా చేరుతుంది, జ్ఞాపకాలు చూసే హిప్పోక్యాంపస్ కూడా దాని పక్కనే. అందుకే ఫోటో చూస్తే రానంత ఏడుపు చీర వాసనకి వస్తుంది.

చీర లేదా? అమ్మమ్మ వంటింటి వాసన కోసం వెన్న కాచి నెయ్యి దించే ముందు గుప్పెడు మునగాకు వేయండి. మా తమ్ముడు డల్లాస్‌లో ఇదే చేస్తాడు, మునగాకు దొరక్కపోతే తమలపాకు.