మొదటి మొబైల్ గేమ్ – 4వ పాఠం: పిచ్చుక ఒక్కో ఫోన్లో ఒక్కోలా పడుతోందేం?

ఈ పాఠంలో తాటి మానులు నిలబెట్టి, వాటి సందులోంచి పిచ్చుకను పోనిద్దాం అనుకున్నాం. ఆ పని చివర్లో చేద్దాం. ముందు మీరు పంపిన ఫిర్యాదుల సంగతి తేలాలి.

గత పాఠంలో పిచ్చుక కిందికి పడటానికి ప్రతి ఫ్రేముకీ (తెర ఒక్కసారి గీసే బొమ్మకీ) వేగానికి 0.2 కలపమన్నాను. వేలు తగిలితే వేగాన్ని -6 చేయమన్నాను (మనం ఆట తయారుచేస్తున్న సాఫ్ట్‌వేర్ గోడోలో వై అక్షం కిందికి పెరుగుతుంది, మైనస్ అంటే పైకి). కంప్యూటర్లో ఆడించి చూసుకోవడానికి ఆ లెక్క చాలు, ఫోన్లోకి ఇప్పుడే వద్దు అని కూడా అన్నాను. మీలో సగం మంది ఆగలేదు. ఎక్కించేశారు. అక్కడి నుంచి మొదలు: "నా ఫోన్లో బాగుంది, మా తమ్ముడి ఫోన్లో రాయిలా పడిపోతోంది." "పొద్దున బాగానే ఉంది, సాయంత్రం ఆట నెమ్మదించింది." ఒకరైతే ఫోన్లో వైరస్ ఉందేమోనని ఫ్యాక్టరీ రీసెట్ దాకా వెళ్లారు. వైరస్ లేదు, గోడోలో తప్పూ లేదు. మీ తమ్ముడి ఫోన్ తెర 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 సార్లు గీస్తుంది, మీది 60. అంతే.

లెక్క వేసి చూడండి. మన కోడ్ ప్రాసెస్ ఫంక్షన్‌లో ఉంది. అది తెర ఎన్నిసార్లు గీస్తే అన్నిసార్లు నడుస్తుంది. 60 హెర్ట్జ్ తెర మీద ఒక సెకనులో 60 సార్లు 0.2 కలిస్తే, పిచ్చుక మొత్తం 366 పిక్సెళ్లు దిగుతుంది. 120 హెర్ట్జ్ తెర మీద అదే సెకనులో 1452 పిక్సెళ్లు. రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు! వేగం పెరగడమూ రెండింతలైంది, ఆ వేగంతో కదలడమూ రెండింతలైంది కాబట్టి. మన ఆట తెర ఎత్తు 1280. అంటే సెకను తిరక్కుండానే పిచ్చుక నేలలోకి వెళ్లిపోయింది.

ఎగరడం ఇంకా తమాషా. రెండు ఫోన్లలోనూ పిచ్చుక ఎగిరే ఎత్తు ఒకటే, సుమారు 90 పిక్సెళ్లు. ఒకదాంట్లో ఆ ఎత్తుకు చేరడానికి అర సెకను, రెండోదాంట్లో పావు సెకను. "ఎత్తు సరిగ్గానే ఉంది గానీ ఏదో తేడాగా ఉంది" అని రాసినవాళ్లు చూసింది ఇదే. మీ కన్ను కరెక్టే. సాయంత్రం నెమ్మదించిన ఫోన్ సంగతీ ఇదే: బ్యాటరీ సేవర్ పడగానే చాలా ఫోన్లు 120 నుంచి 60కి దిగిపోతాయి.

ఇది కొత్త జబ్బేమీ కాదు. పాత పీసీ ఆటలు కొన్ని ప్రాసెసర్ వేగాన్నే నమ్ముకుని రాసినవి. కొత్త మెషీన్ మీద అవి ఆడలేనంత జోరుగా పరిగెత్తేవి. అప్పటి కంప్యూటర్ల డబ్బా మీద టర్బో అని ఒక మీట ఉండేది. పేరు టర్బో, కానీ చాలామంది నొక్కింది మెషీన్‌ను నెమ్మది చేయడానికే. డాంగ్ న్యూయెన్ ఇలాంటి పక్షి ఆటే అయిన ఫ్లాపీ బర్డ్ వదిలిన 2013లో దాదాపు అన్ని ఫోన్ల తెరలూ 60 హెర్ట్జే. ఆ కాలపు వీడియో పాఠాల్లో ఫ్రేముకి ఇంత అని రాసినా ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇవాళ అవే వీడియోలు చూసి రాస్తే తగులుతుంది.

ఇక మందు. వేగాల్ని ఫ్రేముకి ఇంత అని కాదు, సెకనుకి ఇంత అని రాయాలి. ఆ తర్వాత ఏ ఫ్రేముకి ఆ ఫ్రేము, గడిచిన కాలంతో గుణించాలి. నెలజీతం మాట్లాడుకుని పనిచేసిన రోజుల్ని బట్టి లెక్కగట్టి ఇచ్చినట్టన్నమాట. ఆ గడిచిన కాలాన్నే గోడో మీకు డెల్టా పేరుతో అందిస్తుంది. 60 హెర్ట్జ్ దగ్గర అది 0.0167 సెకన్లు, 120 దగ్గర 0.0083.

మన అంకెల్ని మారుద్దాం. ఎగిరే వేగం ఫ్రేముకి -6 కాబట్టి 60తో గుణిస్తే సెకనుకి -360. గురుత్వానికి ఒకసారి 60తో గుణిస్తే చాలదు, రెండుసార్లు గుణించాలి: 0.2 × 3600 = 720. (ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో గోడో తనంతట పెట్టుకునే గురుత్వం 980. అది నాకు మరీ బరువనిపిస్తుంది, నేనెప్పుడూ 700 చుట్టుపక్కలే మొదలుపెడతాను.)

ఇప్పుడు పిచ్చుక మూల నోడ్ (సీన్‌లో అన్నిటికన్నా పైనున్న భాగం) మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ టైప్‌లో క్యారెక్టర్‌బాడీ2డి ఎంచుకోండి (కోడ్‌తో కదిలే వస్తువులకు గోడో ఇచ్చే నోడ్ రకం). స్క్రిప్టు మొదటి వరుసలో ఎక్స్‌టెండ్స్ పక్కనున్న పేరు కూడా మార్చాలి. కొలిజన్ షేప్ తగిలించడం మీకు వచ్చు. కోడ్‌ను ప్రాసెస్ నుంచి ఫిజిక్స్ ప్రాసెస్‌లోకి (తెర వేగంతో సంబంధం లేకుండా సమానంగా అడుగులు వేసే ఫంక్షన్) మార్చండి. కింది వరుసలు ఇక్కడ చదువుకోవడానికి తెలుగు లిపిలో ఇస్తున్నాను, ఎడిటర్‌లో మామూలుగా ఇంగ్లిషులోనే కొట్టండి.

ఫిజిక్స్ ప్రాసెస్‌లో:
వెలాసిటీ.వై += 720 * డెల్టా
మూవ్ అండ్ స్లైడ్()

వేలు తగిలినప్పుడు:
వెలాసిటీ.వై = -360

మూడే వరుసలు. కానీ నా కోపమంతా వీటి దగ్గరే. డెల్టా అనే మాట చెవిన పడగానే చాలామంది దాన్ని అన్నం మీద నెయ్యిలా అన్నిటిమీదా పోసేస్తారు. వద్దు.

మొదటి వరుసలో డెల్టా ఉంది. ఎందుకంటే ఆ వరుస ప్రతి అడుగులోనూ నడుస్తూ పాత విలువకు ఇంకొంచెం కలుపుతోంది. మూడో వరుసలో లేదు. అది వేలు తగిలినప్పుడు ఒక్కసారే జరుగుతుంది, పాతదానికి కలపడం లేదు, పాతది తుడిచి కొత్తది రాస్తోంది. అక్కడ డెల్టాతో గుణిస్తే -360 కాస్తా -6 అవుతుంది. అదీ సెకనుకి. పిచ్చుక కదిలినట్టు కూడా కనిపించదు. అప్పుడు మీరేం చేస్తారో నాకు తెలుసు. అంకె పెంచుతారు. పెంచి పెంచి -21600 దగ్గర ఆగి "పనిచేస్తోంది సార్" అంటారు. పనిచేయడం లేదు. తప్పును తప్పుతో కప్పారంతే. మీ కోడ్‌లో వేలల్లో వేగం కనిపించిందంటే ఎక్కడో అనవసరంగా డెల్టా దూరిందని అనుమానించండి.

రెండో వరుస ఇంకా మోసం. గోడో 4లో మూవ్ అండ్ స్లైడ్ తనలోనే కాలాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. దానికి వెలాసిటీని సెకనుకి ఇన్ని పిక్సెళ్లు అని ఇస్తే చాలు. పిలిచే ముందు వెలాసిటీని మళ్లీ డెల్టాతో గుణిస్తే అదే రోగం తిరగబెడుతుంది. పాత గోడో 3 పాఠాల్లో ఈ ఫంక్షన్ బ్రాకెట్లలో వెలాసిటీ ఇచ్చేవారు. ఇప్పుడు ఆ బ్రాకెట్లు ఖాళీ. ఎర్రర్ వచ్చిందంటే మీరు పాత వీడియో చూస్తున్నట్టే.

ఒకరు మంచి ప్రశ్న అడిగారు: ఫిజిక్స్ ప్రాసెస్ ఎలాగూ ఏ ఫోన్లోనైనా సెకనుకి 60 సార్లే నడుస్తుంది కదా, మరి డెల్టా ఎందుకు? నిజమే, డెల్టా తీసేసి 720 బదులు 12 రాసినా ఇవాళ్టికి నడుస్తుంది. రేపు ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫిజిక్స్ టిక్స్‌ను (సెకనుకి ఎన్ని అడుగులో చెప్పే అంకె) మీరే 120 చేస్తే ఆట మొత్తం తలకిందులవుతుంది. పైగా "సెకనుకి 360" అంటే తెరను చూసి ఊహించుకోవచ్చు. "అడుగుకి 6" అంటే ఊహకు అందదు.

వేలు తగిలినప్పుడు = బదులు += రాసినవాళ్లకు ఒక మాట. జోరుగా పడుతున్న పిచ్చుకకు -360 కలిపితే పడటం కాస్త తగ్గుతుందే తప్ప ఎగరదు. ఆడేవాడికి ఫోన్ పగలగొట్టాలనిపిస్తుంది.

ముక్కు పైకీ కిందికీ వంచడానికి చాలామంది లెర్ప్ (పాత విలువను కొత్తదాని వైపు కొంచెం కొంచెం జరిపే ఫంక్షన్) వాడారు, 0.1 పెట్టి. దానికి కూడా ఫ్రేముల జబ్బే: అక్కడ = కనిపించినా లోపల పాత విలువే తిరుగుతోంది. నేను లెర్ప్ జోలికే పోను. రొటేషన్ = క్లాంప్(వెలాసిటీ.వై / 400, -0.5, 1.2) అని రాసేస్తాను (క్లాంప్ విలువను చివరి రెండు అంకెల మధ్యే ఉంచుతుంది). ప్రతిసారీ కొత్తగా లెక్కవుతుంది, డెల్టా గొడవే ఉండదు.

ఇక మానులు. ఒక కొత్త సీన్, మూలంలో నోడ్2డి, దాని కింద పైమానుకూ కిందిమానుకూ చెరో ఏరియా2డి (ఏదైనా లోపలికొస్తే కబురు చెప్పే నోడ్), మధ్యలో 260 పిక్సెళ్ల సందు. మూల నోడ్ స్క్రిప్టులో పొజిషన్.ఎక్స్ -= 200 * డెల్టా. ఇక్కడ మూవ్ అండ్ స్లైడ్ లేదు కాబట్టి గుణించే బాధ్యత మీదే. ముఖ్య సీన్‌లో ఒక టైమర్, 1.5 సెకన్లు. అది మోగినప్పుడల్లా ఒక జత మానులు తెర కుడి అంచు అవతల పుట్టాలి, సందు మధ్య ఎత్తు 300 నుంచి 900 మధ్య రాండ్ఎఫ్ రేంజ్ (యాదృచ్ఛికంగా ఒక అంకె ఇచ్చే ఫంక్షన్) ఇచ్చినంత. టైమర్ అంకె ఇప్పటికే సెకన్లలో ఉంది, దాన్ని దేనితోనూ గుణించకండి. ఏరియాల బాడీ ఎంటర్డ్ సిగ్నల్ వస్తే ఆట ముగిసినట్టు. తెర దాటిన మానుల్ని విజిబుల్ఆన్‌స్క్రీన్ నోటిఫయర్2డి సిగ్నల్‌తో క్యూ ఫ్రీ చేయండి (అంటే మెమరీలోంచి తీసేయండి), లేదంటే పది నిమిషాల ఆటలో 400 జతలు మెమరీలో పోగవుతాయి. బొమ్మల కోసం ఇప్పుడు వెతక్కండి, ఆకుపచ్చ డబ్బాలు చాలు. నా ఆటలు చివరి వారం దాకా డబ్బాలతోనే ఉంటాయి.

అభ్యాసం. ఈసారి కొంచెం గట్టిదే.

120 హెర్ట్జ్ ఫోన్ లేదని సాకు చెప్పకండి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో వీసింక్ (ఆటను తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేసి, మ్యాక్స్ ఎఫ్‌పీఎస్‌ను (సెకనుకి గరిష్ఠ ఫ్రేముల సంఖ్య) 30, 60, 120 మార్చి మూడుసార్లు నడపండి. పిచ్చుకను వై 100 దగ్గర నిశ్చలంగా వదిలి, 700 దాటడానికి పట్టిన కాలాన్ని ప్రింట్ చేయించండి. మూడుసార్లూ సుమారు 1.29 సెకన్లు రావాలి. తర్వాత ఫిజిక్స్ టిక్స్ 120 చేసి మళ్లీ చూడండి. వెయ్యో వంతుల్లో కొద్ది తేడా వస్తే పర్వాలేదు. సగమో రెట్టింపో వస్తే ఎక్కడో డెల్టా తప్పింది. గత పాఠం కోడ్‌నూ ఇలాగే కొలిచి, రెండు జాబితాలూ పక్కపక్కన రాసుకోండి.

రెండోది కాగితం మీద. సందు ఎత్తును 300 నుంచి 900 మధ్య ఎక్కడైనా పెట్టమన్నాను కదా, అందులో కావాలనే ఒక చిక్కు వదిలాను. 1.5 సెకన్లలో వేలు ఆపకుండా కొట్టినా పిచ్చుక ఎంత పైకి పోగలదు? ఏమీ కొట్టకపోతే ఎంత దిగుతుంది? ఆ రెండు అంకెలూ, సందు వెడల్పూ, పిచ్చుక ఎత్తూ దగ్గర పెట్టుకుని, తర్వాతి సందు ముందు సందు కన్నా ఎంత పైన ఉండొచ్చో, ఎంత కింద ఉండొచ్చో హద్దులు తేల్చండి. ఆ హద్దులు రెండూ సమానంగా రావు. తేల్చాక వాటిని కోడ్‌లో పెట్టి, ఎవరూ దాటలేని జత ఎప్పటికీ పుట్టకుండా చూడండి.

స్కోరు లెక్క 5వ పాఠంలో. ఈలోగా ఆటను ఆండ్రాయిడ్ ఫోన్లోకి ఎక్కించడానికి కావలసిన ఓపెన్‌జేడీకే 17, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే దించి పెట్టుకోండి. ఎస్‌డీకే పెద్దది, వైఫై ఉన్నచోట దించుకోండి.