గుమ్మం ముందు తడి చెప్పులు: విద్యార్థుల థ్రిల్లర్‌కు మంచి ఎత్తుగడ ఎలా కుదురుతుంది?

మెట్లెక్కి వస్తున్న అమ్మాయి ఫోనులో అమ్మతో మాట్లాడుతోంది. అన్నం తిన్నానని అబద్ధం చెబుతోంది. కెమెరా ఆమెకంటే ముందే పై అంతస్తుకు చేరింది. గది తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది: పాల ప్యాకెట్ తేవాల్సిన వంతులు, మూడు పేర్లు. గుమ్మం పక్కన రెండు జతల ఆడపిల్లల చెప్పులు. వాటి పక్కన ఇంకో జత, మగవాళ్లవి, తడిసి ఉన్నాయి. బయట వాన లేదు. తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉంది.

విద్యార్థులు థ్రిల్లర్ తీస్తామని వచ్చినప్పుడు ఎత్తుగడకు, అంటే సినిమా మొదలయ్యే దృశ్యానికి, నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇది. దీనికి కత్తి అక్కరలేదు, డ్రోన్ అక్కరలేదు. ఖర్చు మహా అయితే ఒక చెంబుడు నీళ్లు. అయినా అద్దె గదిలో ఉండి చదువుకున్న ఎవరికైనా గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. చెప్పులు బయట ఉంటే మనుషులు లోపల ఉన్నట్టు. తాళం బయట ఉంటే లోపల ఎవరూ లేనట్టు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

బ్రిటన్‌లో ఓసీఆర్ పరీక్షా బోర్డు మీడియా స్టడీస్ విద్యార్థులకు చాలా ఏళ్లు ఇచ్చిన ప్రాక్టికల్ పని సరిగ్గా ఇదే: ఒక కొత్త సినిమాకు టైటిల్స్‌తో సహా మొదటి రెండు నిమిషాలు తీయాలి. తర్వాత కొన్ని ప్రశ్నలకు జవాబు రాయాలి. వాటిలో ఒకటి, మీ ప్రేక్షకులను ఎలా ఆకట్టుకున్నారని. అక్కడ ఎక్కువమంది ఎంచుకున్న రకాల్లో థ్రిల్లర్ ఒకటి. మన దగ్గర షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలకు ఆ రెండు నిమిషాల హద్దు ఎంతో మేలు చేస్తుందని నా నమ్మకం. అందుకే కింద చెప్పేదంతా ఆ కొలతకే.

మొదట, ఒక మనిషిని ఎంచుకోండి

"మా సినిమా యూత్ కోసం" అంటే ఎవరి కోసమూ కాదు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, ఊరు వదిలి వచ్చి ఇద్దరితో కలిసి గది అద్దెకు తీసుకుంది, రాత్రి పడుకునే ముందు ఫోనులో సినిమాలు చూస్తుంది: ఇలా ఒక మనిషి కళ్ల ముందు నిలబడాలి. అప్పుడు ఆమెకు ఏది మామూలో, ఏది తేడాగా తోస్తుందో మీకే తెలుస్తుంది. తడి చెప్పులు అలా దొరికినవే. అదే సినిమా యాభై దాటిన తండ్రుల కోసమైతే ఎత్తుగడ వేరేగా ఉండాలి. రోజూ ఏడింటికి ఫోను చేసే కూతురు ఆ రోజు చేయకపోవడం ఆయనకు చాలు.

ఆ మనిషి వయసును బట్టి సర్టిఫికెట్ కూడా ఇప్పుడే అనుకోండి. మీ సినిమా సెన్సార్‌కు వెళ్లకపోవచ్చు, అయినా ఈ లెక్క అవసరం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించినప్పుడు మన దేశంలో పెద్దల సలహాతో పిల్లలు చూడదగ్గ యూఏ సర్టిఫికెట్‌ను యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విడదీశారు. బ్రిటన్‌లో 12ఏ, 15, 18 అని ఉంటాయి. మీ ప్రేక్షకురాలు యూఏ 16+ దగ్గర ఉంటే భయం చూపించవచ్చు, గాయాన్ని దగ్గరగా చూపించడం తగ్గించాలి. ఆ పరిమితి వల్ల నష్టమేమీ లేదు. 1975లో వచ్చిన 'జాస్' మొదటి దృశ్యంలో సొరచేప అసలు కనబడదు. నీళ్లలో ఈదుతున్న అమ్మాయిని ఏదో కిందికి లాగడం మాత్రమే చూస్తాం.

రెండోది, ఒకే ఒక్క ప్రశ్న

1962లో ఫ్రాన్స్ దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ థ్రిల్లర్లకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ సినిమా చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు. బల్ల కింద అది ఉందని ముందే చూపించి, పైన కూర్చున్నవాళ్లు ఏమీ తెలియక కబుర్లు చెప్పుకుంటూ ఉంటే పదిహేను నిమిషాల ఉత్కంఠ. మన కెమెరా అమ్మాయికంటే ముందు పైకి వెళ్లింది అందుకే. ఆమె మెట్లెక్కుతూ అమ్మతో చెప్పే ప్రతి మామూలు మాటా ఇప్పుడు బరువెక్కుతుంది. అదే దృశ్యాన్ని ఆమె వెనక నుంచి తీసి, చెప్పులు చివర్లో కనబడేలా చేస్తే ఆ మాటలు ఉత్త మాటలుగా మిగిలిపోతాయి.

జవాబు ఆపి ఉంచి చూసేవారిని ముందుకు నడిపించే పద్ధతికి ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1970లో హెర్మెన్యూటిక్ కోడ్ అని పేరు పెట్టాడు. పరీక్షలో ఆ పేరు రాస్తే మంచిదే. తీసేటప్పుడు మాత్రం ఒక్కటి పట్టుకోండి: ఒకటే ప్రశ్న. విద్యార్థుల సినిమాల్లో నేను ఎక్కువగా చూసే లోపం, రెండు నిమిషాల్లో ముసుగు మనిషి, పాత ఫొటో, రక్తపు చేయి, తెలియని నంబరు నుంచి మెసేజ్, అన్నీ కుక్కడం. నాలుగు ప్రశ్నలు ఒకేసారి అడిగితే చూసేవారు దేనికీ జవాబు కోరుకోరు.

మూడోది, కెమెరా ఎవరి పక్షమో తేల్చుకోండి

ఓసీఆర్ పనిలో అసలు సినిమాకు ముందు ఒక చిన్న సాధన ఉండేది. ఒక పాత్ర తలుపు తీసుకుని గదిలోకి వచ్చి, ఇంకొకరి ఎదుట కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అంతే. కదలిక ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు తెగకుండా కలవడం, ఎదురెదురు షాట్లు, మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఊహించుకునే 180 డిగ్రీల గీతను కెమెరా దాటకపోవడం, ఈ మూడూ దాంట్లో వచ్చేస్తాయి. ఒక మధ్యాహ్నం దీనికి కేటాయించండి. గీత తప్పితే ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనబడతారు, చూసేవారి మనసు కథలోంచి బయటికి వచ్చేస్తుంది.

తడి చెప్పుల దృశ్యంలో గుమ్మం దగ్గర కెమెరా కదలకూడదు. స్టాండ్ మీద, నేలకు ఒక అడుగు ఎత్తులో పెట్టండి. మెట్ల మీద అమ్మాయిని మాత్రం చేతిలో పట్టుకుని తీయండి. కదిలే షాట్‌కూ కదలని షాట్‌కూ మధ్య కట్ చేసిన ప్రతిసారీ ఆ గుమ్మం ఆమె కోసం కాచుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. రాత్రి దృశ్యమని చీకట్లో తీయకండి. ఫోను కెమెరా చీకట్లో చుక్కలు చుక్కలుగా చూపిస్తుంది. సూర్యుడు దిగిన పావుగంటలో తీసి, రంగు కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. వరండాలో ట్యూబ్‌లైట్ ఉంటే కెమెరా షటర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇంకో వేగంలో తీస్తే వెలుగు మినుకుమినుకుమంటుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగు మోతాదును, లాక్ చేయడం మరవకండి.

ఇంటి యజమానికీ పక్క గదుల వారికీ ముందే చెప్పి తీయండి. వీధిలో బొమ్మ తుపాకీతో మాత్రం అస్సలు వద్దు. దూరం నుంచి చూసేవారికి అది బొమ్మని తెలియదు.

నాలుగోది శబ్దం. సగం సినిమా ఇక్కడే ఉంది

నటన కొంచెం అటూ ఇటూ అయినా జనం ఓర్చుకుంటారు. మాట వినబడకపోతే ఓర్చుకోరు. కెమెరా ఫోను దూరంగా ఉంటుంది కాబట్టి దాని మైకును నమ్మవద్దు. రెండో ఫోనులో రికార్డర్ పెట్టి, నటి చున్నీ మడతలో నోటికి జానెడు దూరంలో ఉంచండి. ప్రతి టేక్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో బొమ్మనూ శబ్దాన్నీ కలపడం తేలిక. ఫ్యాన్ ఆపండి. ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులో పెట్టండి, వెళ్లేటప్పుడు తాళం కోసం తెరిచి మళ్లీ స్విచ్ వేస్తారు. షూటింగ్ అయ్యాక అందరూ కదలకుండా నిలబడి, ఏమీ మాట్లాడకుండా ఆ చోటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. కట్‌కూ కట్‌కూ మధ్య ఖాళీలను పూడ్చేది అదే.

ఇక భయం ఎక్కడి నుంచి రావాలి? పక్కింట్లో కుక్కర్ రెండు కూతలు కూస్తుంది. ఎక్కడో టీవీ సీరియల్ నడుస్తోంది. అమ్మాయి పైకి వచ్చేసరికి టీవీ ఆగిపోతుంది. మూడో కూత రాదు. సంగీతం ఒక్క చుక్క కూడా లేకుండా చూసేవారి ఒళ్లు బిగుసుకుంటుంది. సంగీతం కావాలనుకుంటే ఇంకో సంగతి చూసుకోండి: మీ ప్రేక్షకురాలు ఫోనులో చూస్తుంది. పెద్ద స్పీకర్లలో గుండెలదిరే లోతైన హోరు ఫోను స్పీకరులో దాదాపు వినబడదు. తాళం చెవుల గలగల, మెట్ల మీద అడుగులు, గడియ గీసుకునే చప్పుడు మాత్రం చక్కగా వినబడతాయి. సినిమా పాటల నుంచి సంగీతం తీసి వాడితే యూట్యూబ్ గుర్తుపట్టి వీడియోను ఆపేయవచ్చు. కాలేజీలో వయొలిన్ నేర్చుకునే స్నేహితుడు ఒక్క తీగ మీద లాగిన స్వరం దానికంటే వెయ్యి రెట్లు మేలు.

ఐదోది, టైటిల్స్

రక్తం కారే అక్షరాలు వాడవద్దు. పేర్లు కూడా దృశ్యంలో భాగం కావాలి. మెట్ల పక్కన ఖాళీ గోడ ఉన్న చోట ఒక్కో పేరు రెండు మూడు సెకన్లు ఉంటే చాలు. మొహం మీదో చెప్పుల మీదో పడకూడదు. తెలుగు అక్షరాలకు ఒక జాగ్రత్త ఉంది. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య ఎక్కువ ఖాళీ కావాలి. మరీ సన్నటి ఫాంటు చిన్న తెర మీద "స్త్ర", "క్ష్మి" లాంటి చోట్ల అలికినట్టు కనబడుతుంది. ఎడిటింగ్ అయ్యాక మీ ఫోనులోనే వెలుగు సగానికి తగ్గించి చదివి చూడండి.

సినిమా పేరు ఎప్పుడు పడాలన్నది మాత్రం బాగా ఆలోచించాల్సిన విషయం. మన దృశ్యంలో అమ్మాయి చెప్పులు చూస్తుంది, తాళం చూస్తుంది, స్నేహితురాలికి ఫోను చేస్తుంది. తాళం వేసిన తలుపు వెనక ఫోను మోగుతుంది. నాలుగుసార్లు మోగాక ఎవరో ఎత్తుతారు. మాట లేదు. అక్కడ నల్ల తెర, దాని మీద పేరు. ఒక్క సెకను ముందు కట్ చేస్తే ప్రశ్న పుట్టదు. మూడు సెకన్లు ఆలస్యమైతే చల్లారిపోతుంది. ఈ ఒక్క కట్ కోసం పది రకాలుగా ప్రయత్నించండి.

చివరిది, ఆ మనిషికే చూపించండి

మీ బృందంలోవారికి, ఇంట్లోవారికి చూపిస్తే అందరూ బాగుందనే అంటారు. మొదట్లో అనుకున్న మనిషిని పోలినవారిని ఏడెనిమిది మందిని వెతకండి. ఒక్కొక్కరికీ విడిగా, వారి ఫోనులోనే చూపించండి. వారు తెరను చూస్తుంటే మీరు వారిని చూడండి. ఏ సెకనులో చూపు పక్కకు పోయింది, ఎక్కడ ముందుకు వంగారు, కాగితం మీద రాసుకోండి. అయ్యాక బాగుందా అని అడగవద్దు. "తర్వాత ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడగండి. చెప్పుల సంగతి ఎత్తకుండా జవాబిస్తే ఆ షాట్ ఇంకో సెకను ఉండాలన్నమాట. "పాల కాగితం ఎందుకు?" అని అడిగితే గదిలో ముగ్గురుంటారన్న విషయం వారికి అందలేదు.

ఆ కాగితాలు పారేయకండి. ప్రేక్షకులను ఎలా ఆకట్టుకున్నారని మాస్టారు అడిగినప్పుడు "సస్పెన్స్ వాడాం" అని రాస్తే మార్కులు రావు. ఉదాహరణకు, 38వ సెకను దగ్గర ఎనిమిది మందిలో ఎందరు ముందుకు వంగారో, వంగనివారి కోసం ఏ షాట్ మార్చారో, మార్చాక ఏమైందో రాయండి.