బొమ్మల సినిమా చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: చేతులు

పోయిన పాఠంలో రంగులు చూడమన్నాను కదా, ఈసారి రంగులు పక్కన పెట్టేయండి. మొహాలు కూడా. ఈ పాఠం మొత్తం చేతుల గురించే. మామూలుగా సినిమా చూస్తుంటే మన కళ్ళు మాట్లాడేవాళ్ళ మొహం మీదికే పోతాయి, ఒకడు మాట్లాడితే వాడి మొహం, ఇంకొకడు జవాబిస్తే వీడి మొహం, అలా అటూ ఇటూ తిరిగి గంటన్నర గడిచిపోతుంది, బయటికొచ్చి "బాగుంది" అంటాం, ఏం బాగుందిరా అంటే నీళ్ళు నములుతాం.

ఈ పాఠానికి సినిమా ‘ట్రెజర్ ప్లానెట్’. డిస్నీ వాళ్ళది, 2002 నవంబరులో వచ్చింది. తీయడానికి సుమారు 14 కోట్ల డాలర్లు పోశారు, ప్రపంచమంతా కలిపి వచ్చింది 11 కోట్లు. అందులో థియేటర్ల వాటా పోగా మిగిలిందేమిటో మీరే లెక్కేసుకోండి. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్. వీళ్ళిద్దరూ ఈ ఆలోచన 1985లోనే చెప్తే స్టూడియో వద్దంది. ‘లిటిల్ మెర్మెయిడ్’, ‘అలాద్దీన్’ తీసి కనకవర్షం కురిపించాక గానీ ఒప్పుకోలేదు, తీరా ఒప్పుకుంటే ఇది కాస్తా మునిగింది. అప్పటికే హ్యారీ పోటర్ రెండో సినిమా థియేటర్లలో కూర్చుని ఉంది మరి. ఆస్కార్‌కి నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం జపాన్ దర్శకుడు మియజాకి ‘స్పిరిటెడ్ అవే’కి పోయింది, దానికి మాత్రం నేను ఏడవను.

కథ మీకు తెలిసిందే. స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలాండ్’, పుస్తకంగా 1883లో వచ్చింది, మన నండూరి రామమోహనరావు గారు ‘కాంచనద్వీపం’ అని తెలుగు చేశారు. జిమ్ అనే కుర్రాడు, ఒంటికాలి వంటవాడు సిల్వర్, నిధి, తిరుగుబాటు. సినిమాలో సముద్రం బదులు ఆకాశం. ఓడలు మాత్రం పాత చెక్క ఓడలే, తెరచాపలు ఎండని పట్టుకుని నడిపిస్తాయి. ఆకాశంలో ఊపిరెలా ఆడుతుందీ అని అడిగే బావగారు ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు, ఆయన్ని వంటింట్లోకి పంపి పకోడీలు వేయించండి. తీసినవాళ్ళు ఒక కొలత పెట్టుకున్నారు: పాతది 70 పాళ్ళు, కొత్తది 30 పాళ్ళు. అందుకే సినిమా అంతా పాత తైలవర్ణ చిత్రంలా గోధుమరంగు వెలుగులో ఉంటుంది. అది పోయిన పాఠం, వదిలేద్దాం.

ఇక్కణ్ణుంచి కథలోవి చాలా బయటపడతాయి, చూడనివాళ్ళు చూసొచ్చాక చదవండి.

అసలు చేతులు చూడాలన్న తెలివి నాకు దానంతటది రాలేదు. మా పర్లాకిమిడిలో నెలకో ఆదివారం మా డాబా మీద వీధిలో పిల్లలకి సినిమా వేస్తాను, నీళ్ళ ట్యాంకు పైపుకీ పిట్టగోడ కడ్డీకీ తాడు కట్టి దాని మీద తెల్ల పంచె, కింద చాపలు, ఒక గిన్నెడు ముఢీ మిక్చరు. ముఢీ అంటే ఒడియాలో మరమరాలు. స్పీకరు అద్దెకి తెచ్చాను, తెచ్చిన చోటు పేరెందుకులెండి, సరిగ్గా సినిమా మధ్యలో గుర్రుమని ఊరుకుంది. వైరు తిప్పాను, తట్టాను, దణ్ణం కూడా పెట్టాను. పిల్లలు గోల చేస్తారని నాకు ఒకటే టెన్షన్. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ కదల్లేదు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండవైపు నుంచి వచ్చి చదువుకునే ఇద్దరు సవర కూడా మాట్లాడతారు, ఇంగ్లీషు మాటలు వాళ్ళకి ఎలాగూ సగమే ఎక్కుతున్నాయి, ఆ సగం పోయినా వాళ్ళకి పెద్ద నష్టం రాలేదన్నమాట. (గిడుగు వారు వాడుకభాష కోసం కొట్లాడిన ఊరు మాది, అందుకే ఈ పాఠాలు కూడా ఇలా ఉంటాయి, గ్రాంథికం కోరేవాళ్ళు క్షమించాలి.)

స్పీకరు పోయినప్పుడు నడుస్తున్నది జిమ్ ఓడలో పని నేర్చుకునే వరస. మామూలుగా అక్కడ జాన్ రెజ్నిక్ పాట వస్తుంది, మంచి పాటే, కానీ ఆ పాట మన కళ్ళు మూసేస్తుందని ఆ రోజే తెలిసింది. పాట లేకపోతే మిగిలింది పని. కుర్రాడు తుడుస్తాడు, గీకుతాడు, గుట్టలకొద్దీ గిన్నెలు తోముతాడు. సిల్వర్ తాడు ముడి నేర్పుతాడు. మధ్యమధ్యలో జిమ్ చిన్నప్పటి ముక్కలు పడతాయి, నాన్న వెళ్ళిపోతుంటాడు, పిల్లాడు రేవుదాకా పరిగెత్తుతాడు. మళ్ళీ ఓడ. తోమి తోమి నిద్రపోయిన కుర్రాడి మీద సిల్వర్ తన కోటు కప్పుతాడు. ఒక్క ముక్క డైలాగు లేకుండా, వదిలేసి వెళ్ళిన చేతులకీ పని నేర్పిన చేతులకీ ఉన్న తేడా చెప్పేశారు. ముందు వరసలో కూర్చున్న ఒకడు "హాత దేఖ, హాత!" అని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. చెయ్యి చూడరా అని. ఈ పాఠం పేరు వాడిదే.

ఇంకో మాట మా వీధి చివరి తాతగారిది. ఆయన కొమ్ముపని చేస్తారు, కొమ్ముని సెగ మీద కాచి, మెత్తబడ్డాక వంచి, ఆకురాయితో అరగదీసి కొంగలూ అవీ చేస్తారు, మా ఊరు ఆ పనికి పేరుపడింది. మనవణ్ణి తీసుకుపోడానికి వచ్చి మెట్ల దగ్గరే నిలబడి కాసేపు చూశారు.

"ఏం బాబూ, ఆ లావుపాటాయన కుడిచెయ్యి ఒకరు గీసింది, మిగతా ఒళ్ళు ఇంకొకరు గీసింది కదూ?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే అది అక్షరాలా నిజం. సిల్వర్‌కి కుడివైపు కన్ను, చెయ్యి, కాలు యంత్రానివి. ఒళ్ళూ మొహమూ గ్లెన్ కీన్ పెన్సిలుతో గీశాడు, ఆ యంత్రం చెయ్యిని ఎరిక్ డేనియల్స్ కంప్యూటర్లో కదిలించాడు. ఒకే మనిషి మీద ఇద్దరి పని. ఇది అతుకుతుందో లేదో చూసుకోడానికి ముందుగా ఒక పరీక్ష కూడా చేశారు, 1953 నాటి ‘పీటర్ పాన్’లోని కెప్టెన్ హుక్ దృశ్యం తీసుకుని, ఆయన చేతి స్థానంలో కంప్యూటర్ చెయ్యి తగిలించి చూశారు. అతికింది.

"మీకెలా తెలిసింది తాతగారూ?" అన్నాను.

"ఒళ్ళు గీసిన గీత ఊపిరి తీసుకుంటోంది బాబూ, ఆ చెయ్యి తీసుకోట్లేదు" అన్నారు.

దీన్ని కొంచెం విప్పి చెప్పుకుందాం, ఈ పాఠంలో సాంకేతికం అంటే ఇదొక్కటే. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, ఫ్రేము అంటే తెర మీద ఒక్కసారి పడే కదలని చిత్రం. చేత్తో గీసేటప్పుడు చాలాచోట్ల ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకి 12 బొమ్మలు. ఎంత గొప్ప చెయ్యైనా ఒకే గీతని 12 సార్లు అచ్చుగుద్దినట్టు గీయలేదు, వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడాలన్నీ గబగబా తిరిగేసరికి గీత సన్నగా అదురుతుంది, బొమ్మ కదలకుండా నిలబడ్డా బతికున్నట్టు ఉంటుంది. కంప్యూటర్ చెయ్యికి ఆ అదురు లేదు, పళ్ళచక్రాలు ఎప్పుడు చూసినా ఒకే కొలతలో ఉంటాయి. వేరే సినిమాలో అయితే అతుకు బయటపడిందని తిట్టేవాణ్ణి. ఇక్కడ మాత్రం ఆ అతుకే కథ. నిధి కోసం ఒంట్లో సగం పోగొట్టుకున్నవాడు కదా, పోయిన సగానికి ప్రాణం ఉండకూడదు.

నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి, పేజీల చివర, కుడివైపు కింద మూలన, 12 పేజీల్లో ఒకే చోట ఒక పిడికిలి గీయండి, కింద పేజీ గీత పైకి కనపడేంత పల్చటి కాగితమైతే మంచిది. కదలిక అక్కర్లేదు, ఒకే పిడికిలి. బొటనవేలితో పేజీలు జారవిడవండి. అదురుతుంది చూశారా? ఇప్పుడు ఒక రూపాయి బిళ్ళ పెట్టి దాని చుట్టూ గీతగీసి, అలాగే ఇంకో 12 పేజీలు. తేడా తెలిసిపోతుంది. మా పిల్లలు మొదటిరోజు పిడికిలికి బదులు బంగాళాదుంప గీశారు, అదీ అదిరింది, కాబట్టి బొమ్మలు రావని సిగ్గుపడకండి.

ఇక సినిమాలో ఎక్కడెక్కడ ఆగాలో చెప్తాను, అన్నిచోట్లా కాదు, నాకు బాగా తగిలినవి. వంటగదిలో సిల్వర్ మొదటిసారి కనపడినప్పుడు ఆ యంత్రం చెయ్యి కత్తి అవుతుంది, ఇంకోటవుతుంది, మంట కూడా పుట్టిస్తుంది, చకచకా కూర తయారు. నవ్వొస్తుంది. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి, అదొక అప్పు, తర్వాత వడ్డీతో వసూలు చేస్తారు. జిమ్ పీపాలో ఉండిపోయి తిరుగుబాటు సంగతంతా వినేశాక ఇద్దరూ ఎదురుపడతారు చూడండి, మాటలు మామూలుగానే ఉంటాయి, ఏదో ఆట సంగతి మాట్లాడుకుంటున్నట్టు. చేతులు చూడండి. ఇద్దరి చేతులూ వీపు వెనక ఉంటాయి. కుర్రాడు వెనక ఉన్న పనిముట్టు అందుకుంటుంటాడు, సిల్వర్ వెనక ఆ వంటచెయ్యే తుపాకీ అవుతుంటుంది. నాకైతే మొత్తం సినిమాలో అంత భయం వేసిన చోటు ఇంకోటి లేదు, పేలుళ్ళూ అవీ చివర్లో బోలెడు ఉన్నా.

చివర్లో నిధి ఉన్న గ్రహం బద్దలవుతుంటే సిల్వర్ ఒక చేత్తో బంగారం నిండిన పడవని పట్టుకుని ఉంటాడు. ఏ చెయ్యో చూడండి. రెండోది, కండా నెత్తురూ ఉన్నది, వేలాడుతున్న జిమ్ వైపు చాస్తాడు. అందదు. ఇంకొంచెం చాస్తాడు, అందదు. యంత్రం చెయ్యి వదిలేస్తేనే అందుతుంది. ఈ రెండు సెకన్లు ధ్వని ఆపేసి రెండుసార్లు, పెట్టి ఒకసారి చూడండి.

అన్నిటికన్నా నాకిష్టమైంది మాత్రం ఆ తర్వాతది, ఎవరూ పెద్దగా పట్టించుకోని చోటు. సిల్వర్ చడీచప్పుడు లేకుండా పడవ విప్పుకుని పారిపోబోతుంటే జిమ్ పట్టుకుంటాడు. సిల్వర్ తడుముకుని, ఏం లేదు, పడవ సరిగ్గా కట్టుందో లేదో చూస్తున్నా అంటూ ఏదో వదులు ముడి వేస్తాడు. జిమ్ ముందుకొచ్చి దాన్ని గట్టిగా వేసేస్తాడు. ఎవరు నేర్పిన ముడి? ఆ పని నేర్చుకునే వరసలో, స్పీకరు పోయినచోట, సిల్వర్ నేర్పిందే. ఇంత జరిగినా కుర్రాడు చివరికి అతన్ని పోనిస్తాడు, కానీ ముందు ముడి వేస్తాడు. ఇక్కడ నేను ఊరుకోలేక "ముడి చూడండ్రా, ముడి" అని అరిస్తే సవరపిల్లల్లో చిన్నది గిన్నె వంక చూసి "ముఢీ అయిపోయింది మావయ్యా" అంది. తెలుగూ ఒడియా కలిసినచోట సినిమా వేస్తే ఇవి తప్పవు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బెన్ అనే రోబో సగం సినిమా అయ్యాక ఊడిపడతాడు, వాగుతూనే ఉంటాడు, వాడున్నంతసేపూ నాకు తలనొప్పి. వాడి చేతుల్లోనూ చెప్పుకోదగ్గది ఏమీ లేదు, చేతులు గాల్లో ఊపడమే నటన అనుకున్నారు. చెడ్డ చేతులు కూడా ఎలా ఉంటాయో తెలియాలి కాబట్టి ఒక ఐదు నిమిషాలు ఓపిక పట్టి వాణ్ణీ చూడండి, వెంటనే సిల్వర్‌ని చూడండి.

ఇంటిపని: వంటగది, పని నేర్చుకునే వరస, వీపు వెనక చేతులు, పడవా బంగారం, ముడి. ఈ అయిదూ ధ్వని లేకుండా చూసి, ఒక్కోదానికి ఒక్క వాక్యం రాయండి, వాక్యంలో "బాగుంది" అన్న మాట రాకూడదు. వచ్చే పాఠంలో ఓడ కదులుతుంటే వెనక ఆకాశం ఎలా కదులుతుందో చూద్దాం, దానికి ముందు ఒకసారి రైలు కిటికీ దగ్గర కూర్చుని దగ్గరి చెట్టూ దూరపు కొండా ఎంతెంత వేగంతో పోతాయో గమనించి రండి, మా వైపు వాళ్ళకైతే గుణుపురం బండి చాలు.

మా పంచె ఇంకా డాబా మీదే ఉంది. ఆ రాత్రి గాలికి ఊడిపోతుంటే ట్యాంకు పైపు దగ్గర తాతగారు కట్టారు, ఏం ముడి వేశారో నాకు విప్పడం రావట్లేదు. మా అమ్మ రోజూ అడుగుతోంది.