లారీ క్యాబిన్ మోతకి మేడ మీద వేసే టేపు

చెన్నై మాధవరం నుంచి నెల్లూరు దాకా మా పాత లారీలో వెళ్తే, దిగాక కూడా చెవిలో గుయ్యిమంటూనే ఉండేది. కార్ల షాపులో డాంపింగ్ షీట్ల (రేకు అదురు తగ్గించడానికి అంటించేవి) రేటు అడిగి, ఒక దండం పెట్టి వచ్చేశాను.

వాటి బదులు, హార్డ్‌వేర్ కొట్లలో మేడ లీకులకి అంటించే బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు టేపు) దొరుకుతుంది, పైన అల్యూమినియం రేకు ఉంటుంది చూడండి, అదే తెచ్చుకోండి. తారు టేపు చవకే గానీ వద్దు, చెన్నై మే నెల ఎండకి మెత్తబడి జారుతుంది, వాసన అదనం.

డోర్ ప్యాడ్, ఫ్లోర్ మ్యాట్ విప్పి లోపలి బాడీ రేకుని వేలితో కొట్టండి. ఖాళీ డబ్బాలా టంగుమంటే అక్కడ టేపు కావాలి, టక్కున ఆగిపోతే వదిలేయండి. మొత్తం కప్పక్కర్లేదు, పెద్ద రేకు మధ్యలో పావు వంతు అంటించినా అదురు బాగా తగ్గుతుంది. ముందు థిన్నర్‌తో జిడ్డు తుడవాలి, తర్వాత బుడగలు లేకుండా చపాతీ కర్రతో గట్టిగా రుద్దాలి (ఇంట్లోది తెచ్చి నేను తిట్లు తిన్నాను, మీరు వేరేది కొనుక్కోండి). డోర్ అడుగున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయకండి, తుప్పు పడుతుంది.

టేపు ఆపేది అదురునే. ఇంజిన్ మోత ఆపాలంటే బరువైన పొర కావాలి, అందుకే ఫ్లోర్ మీద రేకుల షెడ్డు కింద వేసే 10 ఎంఎం ఫోమ్ పరిచి, దాని మీద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. థర్మకోల్, గుడ్ల అట్టలు దండగ, పైగా ఇట్టే నిప్పంటుకుంటాయి. గేర్ రాడ్ చుట్టూ, వైర్లు దూరే చోట సందులు రబ్బరుతో మూసేయండి, చాలా మోత అక్కడి నుంచే వస్తుంది. మ్యాట్ వేశాక క్లచ్ పూర్తిగా దిగుతోందో లేదో తొక్కి చూసుకోండి.