నీటి ఎలుగుబంటిని ఎండబెట్టి, గాలి తీసేసి, మళ్లీ లేపడం ఎలా?

గాలి లేని చోట జీవం ఉంటుందా అని అడిగినప్పుడు నిజానికి రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. అక్కడ చావకుండా ఉండగలదా అన్నది ఒకటి. అక్కడే తిని, పెరిగి, గుడ్లు పెట్టగలదా అన్నది రెండోది. మొదటిదాన్ని కాలేజీ ల్యాబ్‌లోనే పరీక్షించవచ్చు. అందుకు కావలసిన జీవి టార్డిగ్రేడ్, అంటే నీటి ఎలుగుబంటి. ఎనిమిది పొట్టి కాళ్లు, కాళ్ల చివర గోళ్లు. అర మిల్లీమీటరు దాటేవి తక్కువ.

ముందు మాస్ సేకరించాలి. వానాకాలంలో గోడ మీద జారుడుగా పట్టే పాచి పనికిరాదు, అది ఆల్గే. తాకితే మెత్తటి తివాచీలా ఉండి, దగ్గరగా చూస్తే బుల్లి ఆకులు కనిపించేదే మాస్. ప్రహరీ గోడ, పిట్టగోడ, చెట్టు బెరడు లాంటి, తడిసి ఎండుతూ ఉండే చోట్ల నుంచే తీయండి. ఎప్పుడూ నీళ్లు నిలిచే చోట ఉండే జాతుల్లో చాలావాటికి ఎండిపోవడం చేతకాదు. ఎండి గోధుమ రంగుకు తిరిగిన మాస్ అయినా ఫరవాలేదు. కాగితం కవరులో వేయండి, ప్లాస్టిక్ సంచిలో బూజు పడుతుంది.

రూపాయి బిళ్లంత ముక్కలు రెండు మూడు పెట్రి డిష్‌లో తలకిందులుగా పెట్టి, సెంటీమీటరు లోతు వాననీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ముందు ఒక రోజు మూత లేకుండా వదలాలి. పొద్దున మాస్‌ను ఆ నీళ్లలోనే పిండి తీసేసి, పావుగంట ఆగి, అడుగున చేరిన మడ్డిని 20 నుంచి 40 రెట్ల మాగ్నిఫికేషన్‌లో వెతకండి. కొరడాలా కొట్టుకునేది నెమటోడ్, తల దగ్గర చక్రం తిరుగుతున్నట్టు కనిపించేది రోటిఫర్. కాళ్లతో మడ్డిని తడుముకుంటూ తడబడుతూ నడిచేదే మనకు కావాలి. ఒక్కటీ కనిపించకపోతే ఇంకో గోడ మాస్ చూడండి. ఒక ముక్కలో పదులకొద్దీ ఉంటాయి, పక్క ముక్కలో ఒక్కటీ ఉండదు.

డిష్‌లో మాస్ ఎక్కువై నీళ్లు తక్కువైతే ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు అవి ఉబ్బి, కాళ్లు చాచి, కదలకుండా పడి ఉంటాయి. అంతరిక్షాన్ని తట్టుకున్న ఘనత ఉన్న జీవికి గిన్నెడు నీళ్లలో ఊపిరాడదన్నమాట! దాని గొప్పతనమంతా ఎండినప్పుడే, తడిగా ఉన్నప్పుడు మామూలు ప్రాణమే. వెంటనే తాజా నీళ్లలోకి మారిస్తే చాలావరకు కోలుకుంటాయి.

ఎక్కువమంది పరీక్ష చెడేది ఎండబెట్టే దగ్గరే. నున్నటి గాజు మీద చుక్క వేసి ఫ్యాను కింద పెడితే గంటలో ఎండుతాయి గానీ చదునుగా అతుక్కుని చచ్చిపోతాయి. కాళ్లు లోపలికి లాక్కుని పీపాలా ముడుచుకోవడానికి వాటికి వ్యవధి కావాలి. ఈ ముడుచుకున్న రూపాన్ని టన్ అంటారు. ఒంట్లో నీరు చివరికి మూడు శాతమే మిగులుతుంది. కాబట్టి సన్నటి డ్రాపర్‌తో నలభై జీవుల్ని ఏరి, ఇరవై చొప్పున రెండు ఫిల్టర్ పేపరు ముక్కల మీద వేయండి. గాలి చొరబడని డబ్బా అడుగున పొటాషియం క్లోరైడ్ ముద్ద ఉంచండి. ఎరువుల కొట్లో దొరికే తెల్లటి మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అదే. కరగని పలుకులు మిగిలేంత తక్కువ నీటితో తడిపితే లోపలి తేమ 84 శాతం దగ్గర నిలుస్తుంది. పేపర్లను ముద్దకు తగలకుండా ఎత్తు మీద పెట్టి ఒక రోజు ఉంచండి. రెండో రోజు ఇలాగే తడిపిన వంట ఉప్పు డబ్బాలోకి మార్చండి, అక్కడ తేమ 75 శాతం. మూడో రోజు తేమను పీల్చేసే సిలికా జెల్ ఉన్న డబ్బాలోకి.

రెండు పేపర్లలో ఒకటి మాత్రమే శూన్యంలోకి వెళ్తుంది. రెండోది అంతసేపూ మామూలు గాలిలో, అదే గదిలో, సిలికా జెల్ డబ్బాలోనే ఉంటుంది. ఇది లేకపోతే చంపింది ఎండా, శూన్యమా అన్నది ఎప్పటికీ తేలదు.

గాలి తీసే పంపు ఏసీ మెకానిక్‌లు వాడే రెండు దశలది చాలు. మంచి స్థితిలో ఉంటే లోపలి ఒత్తిడిని 20 పాస్కల్‌ల దాకా దించుతుంది. అంగారకుడి మీద గాలి ఒత్తిడి సుమారు 600 పాస్కల్‌లు, అంటే మీ డబ్బాలో అంతకన్నా పలచన. చంద్రుడి మీది శూన్యానికి మాత్రం ఇది దరిదాపుల్లోకి రాదు. వంటింటి డబ్బాల చేతి పంపుతో చేసి అంతరిక్షం అని రాసుకోకండి. ముల్లు గేజి చూసి కంగారు పడకండి కూడా: హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ముల్లు 760 మి.మీ. (పాదరసం కొలత) దాకా వెళ్లదు, 715 ప్రాంతంలో ఆగుతుంది. అది లీకు కాదు.

వాక్యూమ్ కోసమే చేసిన ఛాంబర్ వాడండి. పచ్చడి సీసా లోపలికి పగిలి కళ్లలో పడుతుంది. ఛాంబర్‌తోనైనా కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పేపరు మీద సన్నటి గుడ్డ కప్పండి, లేకపోతే గాలి వదిలేటప్పుడు టన్‌లు ఎగిరిపోతాయి. తడి మిగిలి ఉంటే 25 డిగ్రీల దగ్గర 3,200 పాస్కల్‌లకే నీళ్లు మరుగుతాయి, ఆ ఆవిరి పంపులోకి పోయి నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. గంటసేపు నడిపాక ముందు వాల్వు మూసి తర్వాతే పంపు ఆపండి. తిరగేసి చేస్తే నూనె ఛాంబర్‌లోకి వస్తుంది. గాలిని రెండు మూడు నిమిషాలు తీసుకుని నెమ్మదిగా వదలండి.

రెండు పేపర్లనూ ఒకేసారి తడిపి రెండు గంటలకు, మళ్లీ 24 గంటలకు లెక్కపెట్టండి. నీళ్లు తగిలితే చచ్చినవి కూడా ఉబ్బుతాయి, కాబట్టి కాళ్లు ఆడించినవే లెక్కలోకి వస్తాయి. గాలిలో ఉంచిన ఇరవైలో పదిహేను, శూన్యంలో పెట్టినవాటిలో పద్నాలుగు లేస్తే తేడా లేనట్టే. గాలిలోవే అయిదు లేస్తే తప్పు ఎండబెట్టడంలో ఉంది, మొదటి నుంచి చేయండి. లేచినవి తర్వాత గుడ్లు పెడితే అంతకన్నా గట్టి రుజువు లేదు.

2007లో యూరప్ అంతరిక్ష సంస్థ ఫోటాన్-ఎం3 అనే వ్యోమనౌక మీద ఎండిన టార్డిగ్రేడ్‌లను పది రోజులు కక్ష్యలో ఉంచింది. శూన్యం ఒక్కటే తగిలినవి బాగానే లేచాయి. శూన్యంతో పాటు సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పూర్తిగా తగిలిన వాటిలో మిగిలినవి అతి కొద్ది. అంటే గాలి లేకపోవడం కన్నా నీడ లేకపోవడం ప్రమాదం. ఇది చూసి యూవీ-సీ (ఒక రకం అతినీలలోహిత) దీపం కొని ప్రయోగం చేయకండి, కళ్లూ చర్మమూ కాలతాయి. ఆ పని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) వాళ్లు చేశారు. తమ ఆవరణలోని గోడ మాస్‌లో దొరికిన పారామాక్రోబయోటస్ అనే టార్డిగ్రేడ్ జాతి, ఇంకో టార్డిగ్రేడ్ జాతిని పావుగంటలో చంపే మోతాదును తట్టుకుందని 2020లో ప్రకటించారు. యూవీని మింగి నీలికాంతిగా వదిలే పదార్థం దాని ఒంట్లో ఉంది.

ఫలితం రాసుకునేటప్పుడు "శూన్యంలో బతికాయి" అని రాయకండి, "శూన్యాన్ని ఓర్చుకున్నాయి" అని రాయండి. టన్ తినదు, పెరగదు, గుడ్లు పెట్టదు. 2019 ఏప్రిల్‌లో చంద్రుడి మీద కూలిన ఇజ్రాయెల్ నౌక బెరెషీట్‌లోనూ ఇలా ఎండినవి ఉన్నాయి. ఒకవేళ చెక్కుచెదరకుండా మిగిలినా వాటిని లేపే నీళ్లు అక్కడ లేవు.

రెండో ప్రశ్నకు మన గోడ మాస్ జవాబు చెప్పలేదు. దానికి దక్షిణాఫ్రికా బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున దొరికిన డీసల్ఫోరుడిస్ ఆడాక్స్‌వియేటర్ అనే బాక్టీరియాను చూడాలి. ఎండ లేదు, ఆక్సిజన్ లేదు. రాళ్లలోని యురేనియం రేడియోధార్మికత వల్ల నీరు విడిపోయి పుట్టే హైడ్రోజన్, సల్ఫేట్‌లతో నెట్టుకొస్తుంది. ఆక్సిజన్ అక్కర్లేదు గానీ ద్రవరూపంలో నీళ్లు కావాలి, ఆ నీళ్లు మరిగిపోకుండా పైనుంచి ఒత్తిడి కావాలి. గురుగ్రహపు చంద్రుడు యూరోపా, శనిగ్రహపు చంద్రుడు ఎన్సెలాడస్‌ల ఉపరితలం మీద దాదాపు శూన్యమే అయినా, వెతుకులాట వాటి మంచు కింది సముద్రాల వైపు సాగుతున్నది అందుకే.