తేనెటీగ గీతల దిశను గుర్తుపడుతుందా? పెరట్లోనే పరీక్షించడం ఎలా

నిలువు గీతలకూ అడ్డ గీతలకూ తేడాను తేనెటీగ నేర్చుకోగలదని, బెంగళూరులో చదువుకున్న శాస్త్రవేత్త మాండ్యం శ్రీనివాసన్ తన సహచరులతో కలిసి 1990లో నిరూపించారు. ఆ ప్రయోగానికి చిన్న రూపాన్ని కోనసీమ పెరట్లోనూ చేయవచ్చు. అయితే తేనెటీగ వాసనను, చోటును కూడా నేర్చుకుంటుంది కాబట్టి, ఆ రెండూ దానికి అక్కరకు రాకుండా చేయడమే ఇందులో అసలు పని.

కొబ్బరి ఏడాది పొడవునా పూస్తుంది గనుక ఇక్కడ తేనెటీగలకు కొదవ ఉండదు. కానీ పూలు దండిగా ఉన్నప్పుడు అవి చక్కెర నీళ్ళను పట్టించుకోవు. మామిడి పూత ముగిసిన తరువాత ఎండ కాసే ఉదయాన్ని ఎంచుకోవడం మంచిది. తేనెపట్టుకు దగ్గరగా మాత్రం ఈ పని చేయకూడదు. కుట్టితే ఒళ్ళు దద్దురెక్కేవారు దూరంగా ఉండాలి.

చక్కెర, నీరు సమపాళ్ళలో కలపండి. చక్కెర నీటికి వాసన ఉండదు కాబట్టి మొదట కాస్త తేనె చేర్చి, తేనెటీగలు రావడం మొదలయ్యాక తేనె మానేయండి. చీమలు పట్టకుండా బల్ల కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచాలి.

20 సెంటీమీటర్ల చదరపు తెల్ల అట్టలు రెండు తీసుకుని, ఒకదానిపై నిలువుగా, మరొకదానిపై అడ్డంగా, 2 సెంటీమీటర్ల వెడల్పున, అంతే ఎడంతో నల్ల గీతలు వేయండి. అట్టలను నిటారుగానే నిలబెట్టాలి. పడుకోబెడితే ఈగ ఏ వైపు నుంచైనా వస్తుంది, అప్పుడు నిలువు, అడ్డం అన్న మాటకే అర్థం ఉండదు. ఈ గీతలు మీటరు దూరంలో దానికి బూడిద రంగుగా కలిసిపోతాయి, అర మీటరు లోపలికి వస్తేనే విడిగా తెలుస్తాయి. అందువల్ల అట్టల ముందు ఖాళీ స్థలం వదలండి.

నిలువు గీతల అట్ట కింద సీసా మూతలో చక్కెర నీళ్ళు, రెండోదాని కింద వట్టి నీళ్ళు పోయండి. పావుగంటకోసారి అట్టలను, వాటి మూతలతో సహా, కుడి ఎడమలు మార్చండి. ఈ మార్పిడి మానేస్తే ఈగ గీతలను చూడకుండా చోటునే గుర్తుంచుకుంటుంది.

ఈగలు పదేపదే వచ్చి వెళ్ళాక, వాటి వాసన అంటని కొత్త అట్టలు, వట్టి నీళ్ళున్న కొత్త మూతలు పెట్టి, ఏ అట్ట దగ్గర మొదట వాలుతున్నాయో లెక్కించండి. ఈ పరీక్షను కొద్ది నిమిషాల్లో ముగించాలి, ఎందుకంటే చక్కెర దొరకకపోతే ఈగలు రెండు అట్టలనూ వెతకడం మొదలుపెడతాయి. నిలువు వైపే ఎక్కువగా వాలితే, ఈసారి గీతల వెడల్పు మార్చి మళ్ళీ చూడండి; అప్పుడూ నిలువునే ఎంచుకుంటే, అవి ఒక బొమ్మను కాక దిశనే పట్టుకున్నాయని చెప్పవచ్చు.