కాలిపర్లకు రంగు వేస్తున్నారా? పెడల్ గట్టిపడకుండా బండి కదపొద్దు

మొన్న ఆదివారం నెల్లూరులో మా వీధిలో ఒకబ్బాయి తన కారు ముందు కాలిపర్లకు, అంటే బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కేసి నొక్కే భాగాలకు, ఎర్ర రంగు వేసుకున్నాడు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి చక్రాలు బిగించేశాడు. రంగు బాగా కుదిరింది. స్టార్ట్ చేసి ర్యాంపు మీద నుంచి రివర్స్‌లో దిగబోతే బ్రేక్ పెడల్ నేలకు ఆనుకుపోయింది. బండి రోడ్డు దాటి, ఎదురింటి ముందున్న స్కూటర్‌ని గేటుకేసి నొక్కి ఆగింది. అంతకు పది నిమిషాల ముందు దాకా ఆ స్కూటర్ ఎక్కి ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు.

ఇలాంటిది నేను చూడటం ఇది మూడోసారి. మూడుసార్లూ తప్పు ఒకటే, అందుకే రాస్తున్నా. గ్లౌజులు, మాస్కు లాంటివి రంగు డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను.

కాలిపర్ ఊడదీసి మళ్లీ ప్యాడ్ల మీద కూర్చోబెట్టాలంటే పిస్టన్‌ని క్లాంపుతో లోపలికి నొక్కాలి. అలా నొక్కాక పిస్టన్‌కీ ప్యాడ్‌కీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. బోల్టులన్నీ బిగించినా ఆ ఖాళీ పోదు. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ వెళ్లి పిస్టన్‌ని ముందుకు నెడితేనే పోతుంది. మొదటి రెండు మూడు తొక్కులూ దానికే సరిపోతాయి, చక్రాన్ని పట్టుకునే బలం ఇంకా రాదు. షెడ్డులో మెకానిక్ సీట్లో కూర్చోగానే కాలు అలవాటుగా పెడల్ కొడుతుంది. మనం ఇంట్లో చేసుకున్నప్పుడు రంగు చూసుకుని మురిసిపోతూ తాళం తిప్పేస్తాం.

కాబట్టి చక్రాలు నేల మీదికి దించాక, ఇంజిన్ ఆఫ్‌లోనే, పెడల్‌ని మెల్లగా తొక్కుతూ వదులుతూ ఉండండి. కాలి కింద రాయిలా గట్టిపడాలి. తర్వాత బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి. స్టార్ట్ చేసి ఇంకోసారి తొక్కి చూడండి. ఆవరణలోనే గజం దూరం కదిపి ఆపండి. ఇవన్నీ అయ్యాకే రోడ్డు. ఇరవైసార్లు తొక్కినా మెత్తగానే ఉంటే లోపల గాలి చేరిందనో, ఎక్కడో ఆయిల్ కారుతోందనో అర్థం. బండి అక్కడే వదిలేసి మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి. ఆటోనగర్ దాకా నెమ్మదిగా నడుపుకుంటూ పోదాం అనుకోవద్దు.

ఇక కాలం సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుపాన్లు. ఆ తేమలో వేస్తే రంగు కిందే తుప్పు మొదలవుతుంది. రోహిణీ కార్తె ఎండలోనేమో స్ప్రే ఇనుముకు తగిలేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది. సంక్రాంతి వెళ్లాక చేసుకోండి. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్లు ముందు నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి. ఉప్పు పేరుకున్న ఇనుము మీద ఏ రంగూ నిలవదు.

మామూలు ఎనామిల్ వద్దు, వేడికి తట్టుకునే కాలిపర్ పెయింటే కొనండి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు డిస్క్ వందల డిగ్రీలు కాగుతుంది. ఆ వేడికి మామూలు రంగు పొంగి పొరలుగా లేస్తుంది.

జాకీ మీద మాత్రమే బండిని నిలబెట్టొద్దు, కింద స్టాండ్లు పెట్టండి. మన ఇసుక నేలలో జాకీ కుంగుతుంది, మందమైన చెక్క వేయండి. సిమెంటు ఇటుకలు పెట్టొద్దు, చెప్పకుండా పగులుతాయి. వెనక వైపు లేపితే హ్యాండ్ బ్రేక్‌ని నమ్మొద్దు, అది పట్టుకునేది ఆ వెనక చక్రాలనే. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

కాలిపర్‌ని హోస్ పైపుకు వేలాడదీయొద్దు. తీగతో స్ప్రింగుకు కట్టండి. కాలిపర్ బయట ఉండగా ఎవరూ పెడల్ తొక్కకూడదు, పిస్టన్ ఊడి బయటికొస్తుంది. డిస్క్ మీద, ప్యాడ్ల మీద ఒక్క చుక్క రంగు పడకూడదు. పిస్టన్ రబ్బరుకి, కాలిపర్ అటూ ఇటూ జారే గైడ్ పిన్నులకి, ఎయిర్ తీసే నిపిల్‌కి టేపు వేయండి. చక్రం ఆనుకునే హబ్ ముఖానికి రంగు వేయొద్దు, ఆ పొర నలిగితే నట్లు వదులవుతాయి. పెట్రోలుతో కడగొద్దు. డీజిలుతో అసలే వద్దు, జిడ్డు మిగులుతుంది. ప్యాడ్ల దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. పిన్నులకు మామూలు గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బ్రేక్ ఆయిల్ బాడీ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే బాడీ రంగు లేచిపోతుంది. ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న బండికి వెనక పిస్టన్‌ని చేత్తో నొక్కొద్దు. పెడల్ గట్టిపడకుండా కదపొద్దు. చీకటి పడుతుంటే రేపు బిగించుకోండి. సగం పనిలో భోజనానికి లేస్తే తాళం జేబులోనే ఉండాలి, లేకపోతే ఇంట్లో ఇంకెవరో బండి కొంచెం పక్కకు పెడదామని ఎక్కుతారు. పెడల్ గట్టిపడకుండా కదపొద్దు. పని మొదలుపెట్టేటప్పుడే బ్రేక్ పెడల్‌కి ఒక దారం కూడా కట్టేస్తే ఇంకా మంచిది. విప్పడానికి వంగినప్పుడు పెడల్ కొట్టాలని గుర్తొస్తుంది.